మన గరాజే ఆటోనగర్

మా అబ్బాయి పాత ట్రయల్స్ మోటారుసైకిలు కొనుక్కొచ్చాడు. ఇది పరుగుపందెం బండి కాదు. రాళ్ళమీదా, దుంగలమీదా కాలు నేలకి ఆనించకుండా నడపాలి, ఆనితే పెనాల్టీ. కాలిఫోర్నియా కుర్రాడు బెర్నీ ష్రైబర్ 1979లో ఈ ఆటలో ప్రపంచ విజేత అయ్యాడు.

రిపేరుకి అడిగితే కూలీయే బండి ధరకి దగ్గరగా ఉంది. బెజవాడ ఆటోనగర్ ఇక్కడెక్కడిది? మేమే మొదలుపెట్టాం.

చక్రాన్ని పైకెత్తి అటూ ఇటూ ఊపండి. లొడలొడలాడితే బేరింగులు అరిగినట్టే. పాతదానిమీద 6202 లాంటి నంబరుంటుంది: కన్నం 15, బయటి వ్యాసం 35, మందం 11 మిల్లీమీటర్లు. కంపెనీ డబ్బాలోదే కానక్కర్లేదు; బేరింగుల షాపులో ఆ నంబరు చెప్పి, రెండువైపులా సీలున్నది అడగండి.

వెనక స్ప్రాకెట్ దగ్గర చెయిన్ని వెనక్కి లాగండి. పన్ను సగం బయటపడితే చెయినూ, రెండు స్ప్రాకెట్లూ కలిపే మార్చాలి. అరిగిన పళ్ళు కొత్త చెయిన్నీ తినేస్తాయి.

బ్రేకు ప్యాడ్ల దగ్గరికొచ్చేసరికి, "ఇంకో నెల ఆగుదాం నాన్నా, డబ్బులైపోయాయి," అన్నాడు. బేరింగుల్లో పొదుపు తెలివి. బ్రేకుల్లో పొదుపు ప్రాణంతో చెలగాటం. ఆ ప్యాడ్లు మాత్రం నేనే కొన్నాను.