ఎడమ చేతిలో తూము

బాన్సువాడ వైపు కాలువ అంటే నిజాంసాగర్ కాలువే. 1931లో ఆ ప్రాజెక్టు పూర్తయినప్పటి నుంచీ తూము ఎత్తితే పిల్లకాలువలో నీళ్లు ఎంత ఉరవడిగా వస్తాయో ఇక్కడి రైతులకు తెలుసు. డయాలసిస్ చేయించుకునే వాళ్ల మణికట్టు దగ్గర డాక్టర్లు వేసే ఫిస్టులా కూడా ఒక తూమే.

ఆ మాట వినగానే చాలామంది భగందరం అనుకుని మొహమాటపడతారు. అది వేరు, ఇది వేరు. ఫిస్టులా అంటే లాటిన్‌లో గొట్టం. విడివిడిగా ఉండాల్సిన రెండు దారులు ఒంట్లో కలిసిపోతే వైద్యులు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. తనంతట తాను వస్తే రోగం, మణికట్టు దగ్గర కావాలని చేస్తే ప్రాణాధారం.

కిడ్నీలు చేతులెత్తేసినప్పుడు యంత్రం నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్ల రక్తం తీసుకుని, కడిగి, తిరిగి పంపాలి. అదీ నాలుగు గంటల పాటు, వారానికి రెండు మూడుసార్లు. చేతి మీద పచ్చగా కనిపించే సిర అంత రక్తం ఇవ్వలేదు. ధమనిలో వేగం ఉంది కానీ అది లోతున ఉంటుంది, మాటిమాటికీ సూది గుచ్చడానికి పనికిరాదు. 1960లో సియాటెల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతికి టెఫ్లాన్ గొట్టాలు అమర్చి దారి చూపాడు. అవి చర్మం బయటికే ఉండటంతో చీము పట్టేవి, రక్తం గడ్డకట్టి పూడుకుపోయేవి. న్యూయార్క్‌లో బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రి వైద్యుడు జేమ్స్ సిమినోకు మరో ఆలోచన వచ్చింది. కొరియా యుద్ధంలో గాయపడిన కొందరిలో ధమని, సిర కలిసిపోయినా వాళ్లు బాగానే తిరుగుతున్నారు. అలాంటప్పుడు మనమే ఎందుకు కలపకూడదు? 1965లో సర్జన్ కెన్నెత్ అప్పెల్ ఆ కుట్టు వేశాడు. సిమినో, మైకేల్ బ్రెషియాలతో కలిసి మరుసటి ఏడు ఆయన ప్రచురించిన పద్ధతే ఇవాళ మన చేతుల మీదా ఉంది.

చేయి వరకే మత్తు ఇచ్చి, నాడి చూసే చోట ఉండే ధమనికి పక్కనున్న సిరను కుడతారు. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ చేతికే వేయడం ఆనవాయితీ. తూము ఎత్తగానే మడి పారదు కదా. సిర గోడలు మందమై, వెడల్పు దాదాపు 6 మిల్లీమీటర్లు కావడానికి ఆరు వారాలో, ఇంకా ఎక్కువో పడుతుంది. అంతదాకా మెత్తటి బంతి పిసుకుతూ ఉండమంటారు. కొందరికి సిర ఎదగదు. అప్పుడు మోచేతి దగ్గర మళ్లీ ప్రయత్నిస్తారు.

ఫిస్టులా మీద వేలు పెడితే పిల్లి గుర్రులా అదురు తగులుతుంది. డయాలసిస్ గదుల్లో దాన్ని థ్రిల్ అంటారు. పొద్దున లేవగానే, పడుకునే ముందు ఆ అదురు చూసుకోవాలి. అది ఆగిందంటే రక్తం గడ్డకట్టిందన్నమాటే. రేపు చూద్దాంలే అనుకోకుండా ఆ పూటే బయల్దేరితే కాపాడే వీలుంటుంది. ఆ చేతికి బిగుతైన గాజులు, గడియారం, తాయెత్తు దారం వద్దు. బీపీ పట్టా చుట్టనివ్వొద్దు, ఆ చేతిని తలకింద పెట్టుకుని పడుకోవద్దు, యూరియా బస్తా ఎత్తొద్దు. వేళ్లు చల్లబడి నొప్పి పెట్టినా, ఫిస్టులా దగ్గర ఎర్రబడి జ్వరం వచ్చినా, ఉబ్బిన చోట చర్మం పలచబడి మెరుస్తున్నా డాక్టరుకు చూపించాలి. సూది గుచ్చిన చోట రక్తం చిమ్మితే బట్ట మీద బట్ట చుట్టడం కాదు, సరిగ్గా ఆ రంధ్రం మీదే వేలితో గట్టిగా అదిమి పట్టి ఆసుపత్రికి పోవాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆపరేషన్‌కు ముందు జరిగే నష్టం. ఒళ్లు నీరసంగా ఉందంటే చాలు, మన ఊళ్లలో గ్లూకోజు ఎక్కించుకోవాల్సిందే. సూది ఎక్కువగా దిగేది మణికట్టు పక్కనున్న ఆ సిరలోకే. నాలుగైదుసార్లు అట్లా గుచ్చితే అది గట్టిపడి మూసుకుపోవచ్చు. తర్వాత ఫిస్టులా వేద్దామంటే కుట్టడానికి సిరే ఉండదు. మెడలో గొట్టంతో నెలలు గడపాలి, ఇన్ఫెక్షన్ భయం వెంటే ఉంటుంది. డయాలసిస్ ఆరోగ్యశ్రీ కింద ఉచితం, రోగులకు 2022లో 2,016 రూపాయల పింఛనూ మొదలుపెట్టారు. పాడైన సిరను మాత్రం ఏ పథకమూ తిరిగి ఇవ్వలేదు.

కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరుగుతోందని డాక్టరు చెప్పిన రోజు నుంచే ఎడమ చేతిని దాచుకోండి. సెలైన్ తప్పనిసరైతే కుడి అరచేతి వెనక వైపు పెట్టమని మీరే నోరు తెరిచి అడగండి.