ఇనుము, జింకు, పింగాణీ: జర్మనీ కరువుకాలపు నాణేలు

చేతిలోని చిల్లర నాణెం ఏ లోహంతో తయారైనదో మనం సాధారణంగా గమనించము. ఆ లోహానికి కరువు వచ్చినప్పుడే దాని సంగతి మనకు తెలిసివస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ అనుభవమే ఇందుకు నిదర్శనం.

1914కు పూర్వం అక్కడ ఒకటి, రెండు ఫెనిగ్‌ల నాణేలను కంచుతోను, ఐదు, పది ఫెనిగ్‌ల నాణేలను రాగి, నికెల్ మిశ్రమంతోను ముద్రించేవారు. నూరు ఫెనిగ్‌లు ఒక మార్కు. యుద్ధం ఆరంభం కాగానే బ్రిటిష్ నౌకాదళ దిగ్బంధంతో దిగుమతులు సన్నగిల్లాయి. ఉన్న రాగి ఫిరంగి గుండ్లకు, నికెల్ కవచపు ఉక్కుకు అవసరమయ్యాయి. 1917లో చర్చి గంటలను సైతం కరిగించిన ఆ దేశంలో నాణేల మాట చెప్పనేల?

1915 నుంచి ఐదు ఫెనిగ్‌ల నాణెం, వెనువెంటనే పది ఫెనిగ్‌ల నాణెం ఇనుముతో వెలువడ్డాయి. 1916లో అల్యూమినియం ఫెనిగ్, 1917లో జింకుతో పది ఫెనిగ్‌ల నాణెం వచ్చాయి. పాత నాణేలను ప్రజలు దాచుకోవడంతో చిల్లర కరువై, పురపాలక సంఘాలు, వ్యాపార సంస్థలు స్వయంగా జింకు, ఇనుప బిళ్ళలను, కాగితపు చీటీలను జారీ చేశాయి. వీటికే ‘నోట్‌గెల్డ్’, అనగా అత్యవసర ధనం, అని పేరు. యుద్ధానంతరం సాక్సనీలోని సుప్రసిద్ధ మైసెన్ కార్ఖానా 1921లో గోధుమవర్ణపు మట్టి నాణేలను కూడా తయారుచేసింది.

ఆ యుద్ధ ప్రభావం మన దేశాన్నీ తాకింది. వెండి కొరత మూలంగానే 1917లో ప్రభుత్వం రూపాయి నోటును ప్రవేశపెట్టింది.

ఇంతకూ ఇనుప నాణెం ఎలా చెల్లింది? దానిని ఇచ్చేవారికీ, పుచ్చుకునేవారికీ నమ్మకం ఉన్నందువలన. ఆ నమ్మకం సడలినప్పుడు ఏ లోహమూ ఆదుకోలేదు. 1914లో డాలరుకు 4.2 మార్కులుండగా, లెక్కకు మించి నోట్లు అచ్చువేసిన ఫలితంగా 1923 నవంబరు నాటికి అది 4.2 లక్షల కోట్ల మార్కులయింది. ఆ ఏడాది ముద్రించిన 500 మార్కుల అల్యూమినియం నాణెం కొద్ది కాలానికే కొరగానిదయింది.

చివరకు లక్ష కోట్ల పాత మార్కులకు ఒకటి చొప్పున రెంటెన్‌మార్కు వచ్చి పరిస్థితిని చక్కదిద్దింది. దాని వెనుక ఉన్నది బంగారం కాదు. భూములు, పరిశ్రమల తనఖా, మితంగా జారీ చేయాలన్న కట్టుబాటు.

లోహానికి ప్రత్యామ్నాయం వెదకవచ్చును. విశ్వాసానికి మాత్రం ప్రత్యామ్నాయం లేదని ఆ నాణేలు మనకు తెలియజేస్తున్నాయి.