బ్యాట్స్‌మన్ విలువ కట్టడమెట్లు?

ఐ.పి.ఎల్. పోటీలు సమీపించగానే పుదుచ్చేరిలోని మా కార్యాలయంలో మధ్యాహ్న భోజన విరామానికి కొత్త కళ వస్తుంది. ఎనిమిదిమంది సహోద్యోగులము ఒక బల్ల చుట్టూ చేరి, వంతులవారీగా ఒక్కొక్క ఆటగాని పేరు చెప్పుకొంటూ కాగితముపై జట్లు కూర్చుకొంటాము. ఒకరు ఎంచుకొన్న ఆటగానిని మరొకరు తీసుకొనరాదు. పోటీలు సాగినన్నాళ్లు వారి పరుగులకు, పరుగుల వేగానికి మార్కులు వేసి, ఎవరి జట్టు ముందున్నదో వారంవారం నోటీసు బోర్డుపై ఉంచుతాము. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చట్టము ద్వారా నిషేధించిన సంగతి పాఠకులకు విదితమే. గెలిచినవారికి దక్కేది అభినందన మాత్రమే.

ఈ వినోదానికి పుట్టినిల్లు క్రికెట్టు కాదు, అమెరికన్ల బేస్‌బాల్. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత న్యూయార్కులో మిత్రులతో కలిసి ఇటువంటి కాగితపు జట్ల ఆటను రూపొందించినాడు. కాగితముపైనే కాదు, అసలు మైదానంలోనూ అక్కడివారు బ్యాట్స్‌మన్ల విలువను కొత్తగా లెక్కకట్టినారు. కొట్టిన దెబ్బలను మాత్రమే గాక, ఎన్ని పర్యాయములు ఔటు కాకుండా స్థావరము చేరినాడన్నది గమనించి, తక్కువ వేతనానికి లభించే ఆటగాళ్లను చేర్చుకొన్న ఓక్లాండ్ జట్టు 2002లో 103 విజయాలు సాధించినది. అందరూ చూచే అంకె వేరు, పనికివచ్చే అంకె వేరు అని దీనివలన తేటపడినది. మన క్రికెట్టుకు ఈ దృష్టిని అన్వయించి చూతము.

మొత్తమా, వేగమా?

2024 ఐ.పి.ఎల్.లో విరాట్ కోహ్లీ 741 పరుగులతో ప్రథమ స్థానంలో నిలిచినాడు. హైదరాబాదు జట్టు ఓపెనర్ అభిషేక్ శర్మ చేసినవి 484. పట్టిక చూచినవారికి తేడా 257 పరుగులు. కాని కోహ్లీ స్ట్రైక్ రేటు సుమారు 155, అభిషేక్‌ది సుమారు 204. అనగా కోహ్లీ సుమారు 479 బంతులు ఆడగా, అభిషేక్ సుమారు 237 మాత్రమే ఆడినాడు. మిగిలిన 242 బంతులను ఇతరులు 140 వేగంతో ఆడినారనుకొన్నచో దాదాపు 339 పరుగులు వచ్చును. రెండూ కలిపిన 823! ఆ ఇతరులు కూడా ఔటగుదురు కనుక ఇది సంపూర్ణమైన లెక్క కాదు. పైగా కోహ్లీ 12 సార్లు, అభిషేక్ 15 సార్లు ఔటైనారు. అయినను 120 బంతులకే ముగిసే ఇన్నింగ్సులో మిగిల్చిన బంతికి కూడా వెల ఉన్నదని మాత్రం తెలియుచున్నది.

ఎక్కడ, ఎవరిపై?

2024 మార్చి 27న ఉప్పల్ మైదానంలో ముంబయిపై హైదరాబాదు జట్టు 3 వికెట్లకు 277 పరుగులు చేసినది. అదే జట్టు మే 26న, మన పట్టణానికి సుమారు 150 కిలోమీటర్ల దూరాన ఉన్న చేపాక్‌లో, కోల్‌కతాతో ఫైనలు ఆడి 113 పరుగులకే ఆలౌటైనది. రెండు నెలలలో ఆటగాళ్లు ఆట మరచిపోలేదు. పిచ్చి మారినది, బౌలర్లు మారినారు, ఫైనలు ఒత్తిడి తోడైనది.

ప్రత్యర్థి బలమును కూడా తూచవలెను. 2018-19లో పుదుచ్చేరితో సహా తొమ్మిది జట్లు రంజీ ట్రోఫీలో ప్లేట్ గ్రూపుగా ఆడినవి. ఆ ఏడాది సిక్కిం తరఫున మిలింద్ కుమార్ 121 సగటుతో 1331 పరుగులు చేసినాడు. అది ఘనకార్యమే. కాని అధిక భాగం అప్పుడే రంజీలో అడుగిడిన జట్లపై చేసిన ఆ పరుగులను ముంబయి, కర్ణాటక బౌలర్లపై చేసిన పరుగులతో సమానంగా తూచలేము.

ఒక్క రీడింగు చాలదు

కొలత పరికరాన్ని ఒక్కసారి చూచి ఆ రీడింగును నమ్మే ఇంజనీరు ఉండడు. విశాఖపట్టణానికి చెందిన నితీశ్ కుమార్ రెడ్డి 2024 ఐ.పి.ఎల్.లో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాని బహుమతి అందుకొన్నాడు. డిసెంబరులో మెల్బోర్న్ టెస్టులో 114 పరుగులు చేసినాడు. 2025 ఐ.పి.ఎల్.లో మాత్రం 182 దగ్గర ఆగినాడు. ఒక సంవత్సరపు ఉచ్ఛస్థితిని చూచి ఎగబడుట గాని, మరుసటి ఏటి తగ్గుదలను చూచి త్రోసివేయుట గాని తగదు. రెండు మూడేండ్ల సగటు మేలైన మార్గదర్శి.

ఎవరికి బదులుగా?

ఇది అన్నింటికన్న ముఖ్యమైన ప్రశ్న. ఒక ఓపెనర్ 600 పరుగులు చేయగలడని, ఒక వికెట్ కీపర్ 420 చేయగలడని అంచనా వేసినామనుకొందము. మొదట ఎవరిని కోరుకొనవలెను? ఓపెనర్లు అనేకులు, చివరి వంతు వరకు ఆగినను 520 చేయగలవాడు దొరకును. మంచి కీపర్లు కొద్దిమంది. ఆలస్యం చేసినచో 250 చేసేవాడే మిగులును. ఓపెనర్ వలన మనకు కలిగే అదనపు లాభం 80 మాత్రమే, కీపర్ వలన 170. కనుక ముందుగా కీపర్‌నే అడుగవలెను. స్టోర్సు విభాగంలో పనిచేసినవారికి ఇది కొత్త కాదు. బజారులో ఎప్పుడైనా దొరికే బోల్టు కన్న, ఆరు నెలలకు గాని రాని బేరింగును ముందుగా తెప్పించి ఉంచుకొంటాము.

ఈ లెక్క కాగితపు జట్లతో ముగిసిపోరాదని మా అభిప్రాయము. త్వరలో జరుగనున్న అంతర్ యూనిట్ పోటీలకు మన జట్టును ఎంపిక చేయవలసియున్నది. ఇంతవరకు మొత్తం పరుగుల పట్టికే ప్రాతిపదిక. అకౌంట్సు విభాగంలోని ఒక యువకుడు ఆరవ స్థానంలో దిగి, పది పన్నెండు బంతులలో ఇరవై పరుగులు చేసి అజేయంగా తిరిగివచ్చుట మేము పలుమార్లు చూచియున్నాము. పట్టికలో అతని పేరు అడుగున ఉండుటచే రెండేండ్లుగా జట్టులో చోటు దక్కలేదు. అతని వలె ఆడగలవారు మన యూనిట్‌లో మరొకరు లేరు.

కావున స్కోరు పుస్తకంలోని వివరాలతో ప్రతి ఆటగానికి ఆడిన బంతులు, ఔటైన పర్యాయములు, మైదానము, ప్రత్యర్థి, అతడు లేనిచో దిగువాడెవరు అను అయిదు గళ్ల పట్టిక తయారు చేసి, ఎంపిక సమావేశానికి ముందే క్రీడా సంఘానికి అందజేయ తలపెట్టినాము. లెక్కలయందు ఆసక్తి గల సహోద్యోగులు, వారి పిల్లలు ఈ పనిలో పాలుపంచుకొనవలసినదిగా కోరుచున్నాము.