మామిడి చెట్టులో మీసాల దొంగ!

తొలకరి పడ్డాక ఏ రాత్రో వరండా బల్బు దగ్గర బొటనవేలంత పురుగు వాలితే ఓసారి ఆగి చూడండి. బూడిద రంగు ఒళ్లు, తల వెనక రెండు నారింజ మచ్చలు, ఒంటిని మించిన మీసాలు ఉన్నాయా? అయితే అది మామిడి కాండం తొలిచే పురుగే! శాస్త్రీయ నామం బాటోసెరా రూఫోమాక్యులేటా. లాంగ్‌హార్న్ బీటిల్స్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో 30 వేలకు పైగా జాతులున్నాయి.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రోజూ బగ్స్ వెతకడమే పని. కానీ నూజివీడు దగ్గర మా తోటలో ఉన్న ఈ బగ్ మహా ముదురు. ఏడాదిలో ఎక్కువ కాలం బయటికే రాదు!

దీని క్యాలెండర్ వానలతో మొదలవుతుంది. ఆడపురుగు బెరడు పగుళ్లలో, దెబ్బతిన్న చోట గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ముందు బెరడు కింద, తర్వాత కర్రలోకి తొలుచుకుంటూ పోతుంది. చూపుడువేలంత పొడవు పెరిగి, లోపలే ప్యూపాగా మారుతుంది. దాదాపు ఏడాదికి, మళ్లీ వానలప్పుడు, రెక్కలతో బయటికొస్తుంది. మామిడే కాదు... అంజీర, పనస, మల్బరీ, బూరుగు చెట్లనూ వదలదు.

తాతయ్య నాటిన బంగినపల్లి చెట్టుకు ఓ పెద్ద కొమ్మ ఎండిపోయింది. కొట్టేద్దామా, ఉంచుదామా అని ఇంట్లో రోజంతా చర్చ. నేను ఫోన్‌లో ఆకుల ఫొటోలు తీస్తుంటే తాతయ్య అన్నాడు: “ఆకులు కాదురా, మొదలు చూడు.”

చూస్తే కాండం మీద రంధ్రం. కింద రంపపు పొట్టు. సైకిల్ చువ్వ కొన వంచి లోపలికి పోనిచ్చి, తెల్లటి పురుగును లాగాడు. పెట్రోల్‌లో ముంచిన దూది కుక్కి, తడిమట్టితో మూసేశాడు. ఎండిన కొమ్మను నరికేశాం. చెట్టు నిలుస్తుందో లేదో వచ్చే పూతకి తెలియాలి.

అలాగని మీసాలున్న ప్రతి పురుగూ శత్రువు కాదు. ఈ కుటుంబంలో చాలా జాతులు చచ్చిన కర్రనే తిని, దాన్ని మట్టిలో కలిపే మేలు చేస్తాయి. బతికున్న చెట్టును తొలిచేవాటితోనే తంటా.

మీ పెరట్లో మామిడి చెట్టుందా? కాయలు కోశాక, తొలకరికి ముందే మొదలు చుట్టూ ఓసారి చూడండి. పొట్టు కనిపిస్తే పురుగు ఇంకా లోపలే ఉందన్నమాట. రెక్కలొచ్చి ఎగిరిపోయాక పట్టుకోవడం కష్టం.