రొయ్యపిల్లకు రోగపరీక్ష

1994-95లో నెల్లూరు తీరాన రొయ్యల గుంటలకు తెల్లమచ్చ వైరస్ సోకినప్పుడు చాలామంది రైతులకు అప్పు ఒక్కటే మిగిలింది. మచ్చ కంటబడ్డాక మందు లేదు. పదిరోజుల్లో గుంట ఖాళీ! అందుకే పిల్లను వదలకముందే పి.సి.ఆర్. పరీక్ష. వైరస్ ఆనవాలు ఒక్కటున్నా, రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరిగి 30 సార్లు తిరిగేసరికి వందకోట్లవుతుంది.

2008లో వెలసిన విక్రమసింహపురి విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ చదివే పిల్లలకు ఈ లెక్క కొత్తకాదు. చేతికి భయం తెలిసేది మాత్రం రొయ్యల లేబొరేటరీలో శిక్షణకు కుదిరినప్పుడే. ప్రతి బ్యాచిలోనూ ఉత్త నీళ్ల ట్యూబు ఒకటి పెడతారు. అందులోనూ వైరస్ కనిపించిందా, దోషం రొయ్యది కాదు, చేతిది! ఫలితాలన్నీ పారేసి మళ్లీ మొదలు. గుంటకు నీళ్లు పెట్టుకున్న రైతు గుమ్మంలో కాచుకుని ఉంటాడు.

"ఇంకెంతసేపు పాపా?"

"మళ్లా చెయ్యాల. రేపు రాండి పెద్దాయనా."