సలాడ్‌లో సిర్కా: ఎంత, ఎలా, ఎవరికి?

వలీమా దావత్‌లో బిర్యానీ పళ్ళెం ముందుకు రాగానే మనలో చాలామంది చెయ్యి ఎర్రగా ఊరిన ఉల్లిపాయ ముక్కల మీదికి వెళుతుంది. నెయ్యి, మసాలా, మాంసం కలిసిన బరువైన తిండి మధ్య ఆ పుల్లని ముక్క నోటికి హాయిగా ఉంటుంది. ఆ పులుపు సిర్కాది. హకీములు సిర్కాను శతాబ్దాలుగా ఆహారంగానూ, మందుగానూ వాడుతూ వచ్చారు. అయితే ఈమధ్య మన ఇళ్ళలో ఒక కొత్త అలవాటు మొదలైంది. ముక్కల మీద చల్లుకోవలసిన సిర్కాను గ్లాసులో పోసుకుని పరగడుపున తాగేస్తున్నారు. షుగర్ తగ్గుతుందని కొందరు, పొట్ట తగ్గుతుందని కొందరు. ఫోనులో వచ్చిన వీడియో చూసి షుగర్ మాత్రలు మానేసి, నెల తర్వాత కళ్ళు తిరుగుతున్నాయని దవాఖానాకు వచ్చేవారు కూడా ఉన్నారు. అందుకని ఈ వారం సిర్కాను దాని అసలు చోటుకు, అంటే దస్తర్‌ఖాన్ మీదికి తీసుకువద్దాం.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది. రొట్టెలోకి నంజుకోవడానికి ఇంట్లో సిర్కా తప్ప మరేమీ లేదని చెప్పినప్పుడు దైవప్రవక్త (స) దానినే తెప్పించుకుని, మెచ్చుకుంటూ తిన్నారని అందులో ఉంది. ఇక్కడ గమనించవలసిన మాట ఒకటుంది. ఆ మెప్పు సిర్కాకు దక్కింది రొట్టెలోకి నంజుడుగా.

సిర్కా మిజాజ్

యూనానీలో ప్రతి పదార్థానికీ ఒక మిజాజ్ ఉంటుందని మీకు తెలుసు. సిర్కాలో వేడి, చలువ రెండూ కలిసి ఉన్నాయనీ, వాటిలో చలువదే పైచేయి అనీ ఇబ్నె సీనా అన్నారు. దానికి ఆరబెట్టే గుణం కూడా ఉంది. అందుకే సఫ్రా ఎక్కువైనవారికి, ఎండాకాలంలో దాహం తీరనివారికి, మాంసం ఎక్కువ తిని బరువుగా ఉందనేవారికి హకీములు సిర్కాను సూచించేవారు. అదే హకీములు దాని చెడును కూడా దాచలేదు. నరాల బలహీనత ఉన్నవారికి, పొడి దగ్గుతో బాధపడేవారికి వట్టి సిర్కా సరిపడదన్నారు.

ఒక పదార్థంలోని చెడును సరిచేసే మరో పదార్థాన్ని యూనానీలో ముస్లిహ్ అంటారు. సిర్కాకు ముస్లిహ్ తేనె, చక్కెర వంటి తీపి వస్తువులు, బాదం నూనె వంటి నూనెలు. ఇప్పుడు హోటళ్ళలో సలాడ్ డ్రెస్సింగ్ అని పోసేదాన్ని ఒకసారి చూడండి. అందులో సిర్కా, నూనె, కొంచెం తీపి, ఉప్పు, మిరియాలు ఉంటాయి. అంటే సిర్కాను దాని ముస్లిహ్‌తో కలిపి వడ్డించడమే. పేరు ఇంగ్లీషుదైనా పద్ధతి మన హకీములకు కొత్తది కాదు. గ్లాసులో వట్టి సిర్కా తాగేవారు వదిలేస్తున్నది ఈ ముస్లిహ్‌నే.

కూరగాయల మిజాజ్ కూడా చూసుకోవాలి. కీరా చలువ, తేమ. దాని మీద చలువ చేసే సిర్కా పోస్తే కడుపు మందంగా ఉండేవారికి ఉబ్బరం వస్తుంది. అందుకని కీరాకు మిరియాల పొడి, పుదీనా, కొంచెం వేయించిన జీలకర్ర పొడి తోడు చేయాలి. ఇవి వేడి చేసేవి. ఉల్లిపాయ, ముల్లంగి స్వతహాగా వేడి కాబట్టి సిర్కాతో బాగా కుదురుతాయి. బిర్యానీ పక్కన కీరా కంటే సిర్కా ఉల్లిపాయే ఎక్కువగా కనిపించడం ఊరికే జరగలేదని నా అభిప్రాయం.

సీసా కొనేముందు

చెరకు రసం, నేరేడు పళ్ళు, ద్రాక్ష, ఆపిల్, కొబ్బరి కల్లు ఏదైనా సరే, అందులోని చక్కెర మొదట పులిసి మద్యంగా మారుతుంది. ఆ తర్వాత గాలి తగిలే చోట ఒక రకం సూక్ష్మజీవులు ఆ మద్యాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. అదే సిర్కా. ఇలా పులిసి తయారైనదాన్ని సీసా మీద ‘బ్రూడ్ వినెగర్’ అని రాస్తారు. చవకగా దొరికే తెల్లని సీసాల్లో చాలావాటి మీద ‘సింథటిక్’ అనీ, ఎసిటిక్ ఆమ్లంతో చేసిందనీ చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన దేశంలో ఆహార నిబంధనల ప్రకారం రెండింటిలోనూ ఎసిటిక్ ఆమ్లం కనీసం 3.75 శాతం ఉండాలి. సింథటిక్‌ది విషం కాదు, ఊరగాయ నిలవకు పనికొస్తుంది. కానీ హకీములు రాసిన గుణాలు పులిసిన సిర్కావే. సలాడ్‌కు ఆ వాసన, ఆ రుచి కావాలి కాబట్టి నాలుగు రూపాయలు ఎక్కువైనా దానినే కొనండి. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. రసాయనాల దుకాణంలో అమ్మే చిక్కని ఎసిటిక్ ఆమ్లాన్ని తెచ్చి ఇంట్లో నీళ్ళు కలిపి సిర్కా చేసుకోవద్దు. అది గొంతును, అన్నవాహికను కాల్చేస్తుంది.

మద్యం నుంచి వచ్చింది కదా, హలాలేనా అని చాలామంది అడుగుతారు. దానంతటదే సిర్కాగా మారినది హలాల్ అన్నదానిలో ఉలమాల మధ్య భేదం లేదు. మనిషి కావాలని ఏదైనా కలిపి మద్యాన్ని సిర్కాగా మార్చితే హనఫీలు సమ్మతిస్తారు, షాఫయీలు సమ్మతించరు. సీసా మీద ‘వైన్ వినెగర్’ అని ఉండి మీకు అనుమానం కలిగితే మీ ఆలిమ్‌ను అడగండి. లేదా చెరకు సిర్కా, నేరేడు సిర్కా కొనుక్కుంటే ఆ చర్చే రాదు.

డ్రెస్సింగ్ కలిపే పద్ధతి

అన్నింటికంటే సులువైనది నూనె, సిర్కా కలిపేది. విదేశీ పద్ధతిలో 3 వంతుల నూనెకు 1 వంతు సిర్కా. మన నోటికి అంత నూనె జిడ్డుగా అనిపిస్తుంది, 2 వంతులకు 1 వంతు చాలు. జైతూన్ నూనె ఖరీదనుకుంటే గానుగ నువ్వుల నూనె చక్కగా సరిపోతుంది. తమిళనాడులో ఉన్న మన వాళ్ళకు అది ఇంట్లో ఉండేదే. ఒక పెద్ద చెంచా సిర్కాలో పావు చిన్న చెంచా ఉప్పు ముందు వేసి కరగనివ్వండి. నూనె పోసిన తర్వాత వేస్తే ఉప్పు సరిగా కరగదు, ముక్కల మీద పలుకులుగా తగులుతుంది. తర్వాత చిటికెడు ఆవపిండి, మిరియాల పొడి, అర చిన్న చెంచా తేనె, చివర 2 పెద్ద చెంచాల నూనె వేసి మూత ఉన్న చిన్న గాజు సీసాలో బాగా కుదిపితే చిక్కగా తెల్లబడుతుంది. నూనె, సిర్కా వెంటనే విడిపోకుండా పట్టి ఉంచేది ఆ ఆవపిండే. ఇది నలుగురికి సరిపోతుంది. వెల్లుల్లి ఇష్టమైతే అప్పటికప్పుడు దంచి వేసుకోండి. వెల్లుల్లి కలిపిన నూనెను బయట రోజుల తరబడి ఉంచితే ప్రమాదకరమైన క్రిమి పెరిగే వీలుంది. తేనె వేసినది ఏడాది లోపు పసిపిల్లలకు నాలుకకు కూడా రాయకూడదు.

రెండవది మన సొంతమైన సికంజబీన్. ఫార్సీలో సిర్కా, అంగబీన్ అనే మాటలు కలిసి ఈ పేరు వచ్చింది. అంగబీన్ అంటే తేనె. ఇబ్నె సీనా దీని మీద విడిగా ఒక చిన్న గ్రంథమే రాశారు. మనం దీనిని షర్బత్‌గానే ఎరుగుదుం. ఇరాన్‌లో మాత్రం దీనిని గిన్నెలో పోసుకుని, కాహూ అనే లేత ఆకును అందులో ముంచుకుని తింటారు. మన బజారులో లెట్యూస్ పేరుతో దొరికేది ఆ ఆకే. యూనానీ మందుల దుకాణంలో తుఖ్మె కాహూ అని అమ్మేవి దాని విత్తనాలే.

చేయడం కష్టం కాదు. 2 కప్పుల చక్కెర, 1 కప్పు నీళ్ళు స్టీలు గిన్నెలో కరిగే వరకు కాచి, అర కప్పు సిర్కా పోసి, సన్నని సెగ మీద 15, 20 నిమిషాలు ఉంచండి. ఆవిరి ముక్కుకు ఘాటుగా తగులుతుంది, వంటింటి కిటికీ తెరిచి పెట్టుకోవాలి. తేనె కంటే కాస్త పల్చగా ఉన్నప్పుడే దించి, గుప్పెడు పుదీనా వేసి మూత పెట్టండి. చల్లారాక ఆకు తీసేసి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. రెండు కీరాల ముక్కలకు ఒక పెద్ద చెంచా చాలు. మిగిలినది ఎండాకాలం చల్లని నీళ్ళలో కలిపి పిల్లలకు ఇవ్వండి, సీసాలో అమ్మే రంగునీళ్ళ కంటే వెయ్యి రెట్లు మేలు. షుగర్ ఉన్నవారు మాత్రం దీని జోలికి పోవద్దు, ఇందులో ఉన్నదంతా చక్కెరే.

సిర్కా కలిపే పాత్ర రాగిది, ఇత్తడిది, అల్యూమినియందీ కాకూడదు. పులుపుకు లోహం కరిగి తిండిలో కలుస్తుంది. గాజు, పింగాణీ మంచివి.

మూడు సలాడ్లు

ఎర్ర ఉల్లిపాయలకు రంగుపొడి అక్కర్లేదు. ఎర్ర ఉల్లిలో ఉన్న రంగు పులుపు తగలగానే తనంతట తానే గులాబీ రంగుకు తిరుగుతుంది. పావు కిలో ఉల్లిపాయలు చక్రాలుగా తరిగి, అర కప్పు సిర్కా, అర కప్పు కాచి చల్లార్చిన నీళ్ళు, ఒక చిన్న చెంచా ఉప్పు, అంతే చక్కెర కలిపి గాజు సీసాలో ముంచి ఉంచండి. రంగు ఇంకా కావాలంటే రెండు బీట్‌రూట్ ముక్కలు వేయండి. 3 గంటల్లో తినవచ్చు, ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. బక్రీద్ వారంలో రోజూ మాంసం తినే ఇళ్ళలో ఇది తప్పకుండా ఉండాలి.

కీరా, క్యారెట్, క్యాబేజీ కలిపే కచుంబర్‌కు ఒక చిన్న కిటుకు ఉంది. కీరా ముక్కలకు ఉప్పు రాసి పది నిమిషాలు పక్కన పెడితే నీరు దిగుతుంది. దానిని పిండేసి, అప్పుడు డ్రెస్సింగ్ కలపండి. లేకపోతే ఆ నీటికి డ్రెస్సింగ్ అంతా పలచబడి గిన్నె అడుగున మిగులుతుంది. కర్ణాటకలో పెసరపప్పు కోసంబరి, మహారాష్ట్రలో కోశింబీర్ తినడం అలవాటైనవారు వాటిలో కూడా నిమ్మకాయ బదులు సిర్కా వేయవచ్చా అని అడుగుతారు. వేయవచ్చు గానీ, నానిన పెసరపప్పుకు నిమ్మరసమే రుచి.

రంజాన్‌లో ఇఫ్తార్‌కు శనగ గుగ్గిళ్ళు చేస్తారు కదా. నూనెలో మసాలా వేయించే బదులు ఉడికిన శనగలకు సన్నగా తరిగిన ఉల్లి, టమాటా, కొత్తిమీర, ఒక చెంచా సిర్కా, ఒక చెంచా నూనె, వేయించిన జీలకర్ర పొడి కలిపి చూడండి. ఖర్జూరం తర్వాత ఇది ఒక్క కప్పు తింటే పకోడీల మీద చెయ్యి ఎక్కువగా పోదు.

సిర్కా వేశాం కదా, క్రిములన్నీ చస్తాయని కూరగాయలు సరిగా కడగకుండా తరిగేస్తుంటారు. చెంచాడు సిర్కా టైఫాయిడ్‌ను ఆపలేదు. పారే నీటి కింద కడిగి, తినే ముందే తరగండి.

షుగర్ ఉన్నవారి సంగతి

సిర్కాకు షుగర్ మీద ప్రభావం లేదని నేను అనడం లేదు. 2004లో అమెరికాలోని ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ‘డయాబెటిస్ కేర్’ పత్రికలో ఒక పరిశీలన ప్రచురించారు. పిండిపదార్థం ఎక్కువ ఉన్న భోజనానికి ముందు కొంచెం సిర్కా ఇస్తే, షుగర్ వచ్చే దారిలో ఉన్నవారిలో మంచి మార్పు కనిపించింది. అప్పటికే షుగర్ వ్యాధి ఉన్నవారిలో ఆ మార్పు చాలా తక్కువ. పరీక్షించింది కూడా కొద్దిమందినే. దీని అర్థం అన్నం, రొట్టె తినేటప్పుడు పక్కన సిర్కా సలాడ్ ఉంటే మంచిదని. మాత్ర మానేయమని కాదు. సన్నబడతారని చెప్పే వీడియోలకు ఆధారంగా చూపిన లెబనాన్ పరిశీలన 2024లో వచ్చింది. లెక్కల్లో లోపాలు బయటపడి 2025లో ఆ పత్రికే దానిని ఉపసంహరించుకుంది. వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఏళ్ళ తరబడి షుగర్ ఉండి, కొంచెం తినగానే కడుపు నిండినట్లు, తిన్నది గంటలకొద్దీ అరగనట్లు ఉండేవారు సిర్కాతో జాగ్రత్త పడాలి. సిర్కా పొట్టను ఇంకా ఆలస్యంగా ఖాళీ చేస్తుందని 2007లో స్వీడన్ వైద్యులు అలాంటి రోగులలోనే చూశారు. ఇన్సులిన్ తీసుకునేవారిలో తిండి అరగడం ఆలస్యమైతే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కడుపులో పుండు, ఛాతీలో మంట ఉన్నవారు సిర్కా మానాలి. వాపుకు, గుండెకు మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వేసుకునేవారు రోజూ వాడదలిస్తే డాక్టరును అడగాలి. మిగతావారికి మనిషికి పూటకు ఒకటి, రెండు చిన్న చెంచాలు, అదీ ముక్కలకు కలిపి, సరిపోతుంది. తిన్న వెంటనే పళ్ళు తోముకోవద్దు, పులుపుకు మెత్తబడిన పంటి పింగాణీ అరుగుతుంది. నీళ్ళతో పుక్కిలించి, అరగంట తర్వాత తోముకోండి.

మీ మిజాజ్‌కు సిర్కా సరిపోతుందో లేదో తేల్చుకోవాలంటే, బెంగళూరు వైపు ఉన్నవారు అక్కడి జాతీయ యూనానీ వైద్య సంస్థకు వెళ్ళవచ్చు. చెన్నై, ముంబయి, ఒడిశాలోని భద్రక్‌లలో కేంద్ర యూనానీ పరిశోధన మండలి ప్రాంతీయ సంస్థలు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు మీరు వేసుకుంటున్న ఇంగ్లీషు మందుల చీటీ, చివరి షుగర్ రిపోర్టు వెంట తీసుకువెళ్ళండి.