మీకు తెలుసా? కీమో మందుకు సెలైన్ తోడు ఎందుకంటే...

● కీమోథెరపీ అనగానే జుట్టు రాలడం, వాంతులు గుర్తొస్తాయి. కిడ్నీల సంగతి చాలామందికి తట్టదు. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రం మూత్రంగా వదిలి, తక్కినదంతా రక్తంలోకి తిరిగి పంపేస్తాయి. అలా నీరు తగ్గేచోట మందు చిక్కబడుతుంది.

● కిడ్నీకి ఎక్కువ హాని చేసే కీమో మందుల్లో ముందు చెప్పుకోవలసింది సిస్‌ప్లాటిన్. దానిలో ప్లాటినం ఉంటుంది. ఇటలీకి చెందిన మికేలే పెయ్‌రోనే 1840ల్లోనే దీన్ని తయారు చేసినా, వందేళ్లు దాటినా ఇది మందని ఎవరూ అనుకోలేదు. 1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త బ్యాక్టీరియా ఉన్న ద్రవంలోకి కరెంటు పంపితే, అవి రెండుగా చీలకుండా దారాల్లా సాగాయి. కారణం కరెంటు కాదు, ప్లాటినం కడ్డీల నుంచి పుట్టిన పదార్థాలు! కణాలను ఇలా చీలకుండా ఆపే గుణమే సిస్‌ప్లాటిన్‌ను క్యాన్సర్ మందుగా మార్చింది.

● అయినా ఆ మందు మూలన పడిపోయేదే. గడ్డలు కరుగుతున్నాయి కానీ కిడ్నీలు పాడవుతున్నాయి. చివరికి దాన్ని నిలబెట్టింది ఉప్పునీళ్లు. సెలైన్ బాగా ఎక్కించి, మానిటాల్ అనే మందుతో మూత్రం ధారాళంగా పోయేలా చేస్తే హాని బాగా తగ్గుతుందని న్యూయార్క్ వైద్యులు 1977లో చూపించారు. మరుసటి ఏడాదే అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. “మందు కాసేపే, సెలైన్ మాత్రం పొద్దంతానా?” అని విసుక్కునే బంధువులకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది. వైద్యంలో ఆ సీసాలదీ సగం పాత్ర.

● కిడ్నీ నాళాల కణాలు సిస్‌ప్లాటిన్‌ను తమంతట తామే లోపలికి లాక్కుంటాయి. రక్తంలో ఉన్నదానికి దాదాపు ఐదు రెట్లు అక్కడ పోగవుతుంది. దెబ్బతిన్న నాళాలు మెగ్నీషియాన్ని నిలబెట్టుకోలేవు. కీమో తర్వాత పిక్కలు పట్టేస్తున్నాయంటే ఒక్కోసారి కారణం ఇదే. డాక్టరుకు చెప్పవలసిన విషయం.

● మరో కీమో మందు మెథోట్రెక్సేట్ వెనక మన భీమవరం ఉంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు ఆ బృందం చేతిలోనే రూపుదిద్దుకున్నాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు కొంతకాలం ఊరట దొరికిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు కన్నుమూసిందీ ఆ ఏడాదే. మెథోట్రెక్సేట్ ఆ మందుకు తోబుట్టువు.

● ఈ మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో ఇస్తే, పుల్లటి మూత్రంలో కరగక స్ఫటికాలై కిడ్నీ నాళాలను పూడ్చేయవచ్చు. అందుకే వంటసోడాలో ఉండే సోడియం బైకార్బొనేట్‌నే సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. మూత్రంలో ఆమ్లం తగ్గితే మందు కరిగి బయటికి పోతుంది. నర్సమ్మ మాటిమాటికీ మూత్రం పరీక్షించేది అందుకే. ఇంట్లో వంటసోడా తాగడం దీనికి బదులు కాదు.

● కార్బోప్లాటిన్ అనే ఇంకో కీమో మందు మోతాదును కిడ్నీ ఎంత వడగడుతుందో లెక్కగట్టి నిర్ణయిస్తారు. ఆ లెక్క 1989లో వచ్చింది.

● ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి, మెథోట్రెక్సేట్ బయటికి పోకుండా ఆపుతాయి. కీమో జరుగుతున్న ఇంట్లో ఆ మాత్ర చేతికిచ్చే ముందు డాక్టరుకు ఒక్క ఫోన్ చేయండి, దయచేసి.

● క్రియాటినిన్ రిపోర్టు బాగానే ఉన్నా కిడ్నీ దెబ్బతిని ఉండవచ్చు. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. జబ్బుతో చిక్కి సగమైన మనిషిలో కండ తక్కువ, కాబట్టి అంకె కూడా తక్కువే చూపిస్తుంది. పోయినసారి 0.6 ఉన్నవారికి ఇప్పుడు 1.0 వచ్చిందనుకోండి. కాగితం మీద నార్మలే, కానీ పాతదానితో పోలిస్తే బాగా పెరిగినట్టే. అందుకే పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టి ప్రతిసారీ వెంట తీసుకెళ్లండి.